రెండు పొడుగు, ఒకటి పొట్టి

"నా ఊపిరి అవతలివాళ్ళకి వినబడితే ఏం గతండీ?"

సరోజిని ఈ మాట అన్నప్పుడు ఇంకా ఏమీ జరగలేదు. సోమవారం పొద్దున, స్టవ్ మీద పాలు కూడా పొంగలేదు. అయినా జరగబోయే అనర్థాలన్నిటినీ ముందే వరసగా తలుచుకుంటే తప్ప ఆమెకు రోజు మొదలైనట్టుండదు.

"ఊపిరి ఎందుకు వినబడుతుందే? బిగబట్టు," అన్నాడు భర్త ఆంజనేయులు, టై ముడి సరిచేసుకుంటూ.

"అరగంటసేపా?"

"వాళ్ళు ఆగినచోట నువ్వు పీల్చుకో. మళ్ళీ మొదలెట్టాక వదులు."

"పోలీసులు పట్టుకుంటే?"

"ఫోను విన్నందుకు పోలీసులేమిటే!"

"మనది పరాయి దేశం. పర్మిట్టు మీద బతుకుతున్నాం. ఫలానా ఇంటావిడ చుట్టుపక్కలవాళ్ళ మాటలు దొంగచాటుగా వింటోందని ఎవరైనా పైకి రాస్తే పర్మిట్టు చింపి చేతిలో పెడతారు. అప్పుడు మీ ఉద్యోగం ఏం కాను, పిల్ల చదువు ఏం కాను?"

"పిల్ల చదువు కోసమే కదా ఇదంతా!" అని ఆంజనేయులు టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరాడు.

అది నిజమే. ఆంజనేయులు సామర్లకోట దగ్గరి చక్కెర ఫ్యాక్టరీ వదిలేసి, డర్బన్ దగ్గరి ఉమ్‌హ్లాలి ఊరి బయట చెరకు తోటల మధ్య ఉన్న మిల్లులో ఇంజనీరుగా చేరి మూడు నెలలైంది. ఆ దేశంలో అందరూ కలిసి మొట్టమొదటిసారి ఓట్లు వేసి ఏడాది అయింది. అంతవరకూ తెల్లపిల్లలకి తప్ప గేటు తియ్యని ఊరి బడి ఇప్పుడు అందరికీ తీసింది. తీసింది గానీ, పూర్తిగా కాదు. ఓ మనిషి పక్కకి తిరిగి దూరగలిగేంత. ఆ సందులోంచి తమ పదేళ్ళ కూతురు తేజశ్రీని లోపలికి పంపాలని ఆంజనేయులు ఆశ.

హెడ్మాస్టరు హెరాల్డ్ దొర తేజశ్రీని పరీక్షించి, పిల్ల చురుకైనదేనని ఒప్పుకున్నాడు. ఆయన అనుమానమంతా తల్లి మీద. "ఇంట్లో ఉండేది తల్లి. పిల్లకి జ్వరమొస్తే మేము ఫోన్ చేసేది తల్లికి. ఆవిడకి ఇంగ్లీషు అర్థం కావాలి. వచ్చే వారం కాక ఆ పై వారం గురువారం పదింటికి నేనే ఆవిడతో ఫోన్లో మాట్లాడతాను. అర్థం చేసుకోగలిగితే పిల్ల అయిదో తరగతిలో కూర్చుంటుంది, లేకపోతే మూడో తరగతిలో," అన్నాడు. ఆయన ఆ జిల్లాలోనే పుట్టి, జులూ మాట్లాడే తోటమాలి పెంచిన గులాబీల మధ్య ముప్పై ఏళ్ళుగా టీ తాగుతూ, జులూలో 'రా', 'పో' అనే రెండు మాటలు మాత్రం నేర్చుకున్నాడు. ఆయన్ని ఎవరూ ఏ తరగతిలోనూ వెనక్కి వెయ్యలేదు.

"మూడో తరగతి బల్లలు చూశానమ్మా, నా మోకాళ్ళు కింద పట్టవు," అని తేజశ్రీ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తల్లి ఒక్క రోజు కూడా తినలేదు.

ఆంజనేయులు హైదరాబాదు నుంచి తెచ్చిన ఇంగ్లీషు క్యాసెట్లు అప్పటికే అయిపోయాయి. వాటిలో ఒక లండన్ మనిషి మరొక లండన్ మనిషిని మ్యూజియానికి దారి అడుగుతూ ఉంటాడు. ఉమ్‌హ్లాలిలో మ్యూజియం లేదు. ఉన్నా, దారి అడగాల్సినంత పెద్ద ఊరు కాదు. "నీకు కావలసింది నిత్యజీవిత సంభాషణలు," అని ఆంజనేయులు తేల్చాడు. అవి ఊరికే దొరికే చోటు ఇంట్లోనే ఉంది. హాల్లో గోడకి బిగించిన నల్ల ఫోను.

ఆ వీధిలో అయిదిళ్ళకీ కలిపి ఒకటే తీగ. ఎవరికి ఫోనొచ్చినా అయిదిళ్ళలోనూ గంట మోగుతుంది. రెండు పొడుగు, ఒకటి పొట్టి మోగితే సరోజిని ఇంటికి. మూడు పొట్టివి మోగితే చివరింటి డేజీకి. ఎవరి గంట వాళ్ళే ఎత్తాలన్నది మర్యాద. ఎవరెత్తినా అందరి మాటలూ వినబడతాయన్నది ఆ తీగ స్వభావం. ఆంజనేయులు ఇంజనీరు కాబట్టి మర్యాదని పక్కన పెట్టి స్వభావాన్ని చూశాడు.

అలా ఆ పొద్దున సరోజిని రిసీవరు మాట్లాడే వైపు తుండుగుడ్డ చుట్టి, ముక్కుని రెండో వైపు తిప్పుకుని, చెవి ఆనించింది.

డేజీ రోజూ ఎనిమిదిన్నరకి డర్బన్‌లో, రెడ్‌హిల్లో ఉన్న చెల్లెలు వాలరీతో మాట్లాడుతుంది. డేజీ వాళ్ళ ముత్తాతలు నూరేళ్ళ కిందట విశాఖపట్నం వైపు నుంచి చెరకు కొట్టడానికి ఓడెక్కి వచ్చారు. ఆమె బాప్టిస్టు చర్చిలో ముందు వరస మనిషి, వితంతువు, నోట్లో నుంచి వచ్చేదంతా ఇంగ్లీషు. తెలుగు ఆమెలో కొన్ని గదుల్లోనే మిగిలింది: వరసలు, ప్రార్థన, తిండి, తిట్లు. సరోజిని ఆ ఇంట్లో దిగిన రోజున గిన్నెడు చేపల పులుసు తెచ్చి, "తిను తిను, ఎముకల్లాగ ఉంది నువ్వు," అంది. శాకాహారులమని చెప్పడానికి సరోజినికి ఇంగ్లీషు రాక, మూడు నెలలుగా పులుసు వస్తూనే ఉంది.

సాయంత్రం ఆంజనేయులు పాఠం అప్పజెప్పించుకున్నాడు.

"ముఖ్య పాత్రలు?"

"డేజీ ఆంటీ, వాళ్ళ చెల్లెలు వాలరీ."

"సారాంశం?"

"వాలరీ కోడలు పులుసులో చింతపండు మానేసి సీసాలో నిమ్మరసం పోస్తోందిట."

"దీనివల్ల మనం ఏం నేర్చుకున్నాం?"

"కోడలు మంచిది కాదని."

"నేనడిగేది ఇంగ్లీషు!" అన్నాడు ఆంజనేయులు. కాని లోలోపల సంతోషించాడు. మూడు రోజుల్లో సరోజిని వాలరీ మోకాళ్ళ నొప్పి, చర్చిలో పాట ఎత్తుకోవడం మీద వచ్చిన తగాదా, కోడలి మిగతా నేరాలు అన్నీ పూసగుచ్చినట్టు చెప్పసాగింది. క్యాసెట్లో మ్యూజియానికి వెళ్ళినవాడు చేరాడో లేదో ఆమెకు ఈనాటికీ తెలియదు.

నాలుగో రోజున కుక్కరు కూసింది.

సరోజిని అన్ని అపాయాలనూ ఊహించింది: పోలీసులు, పర్మిట్టు, పిడుగుపాటు, ఫోను తీగలోంచి పాము. తన కుక్కరును మాత్రం ఊహించలేదు.

"ఆగు. విన్నావా?" అంది డేజీ ఫోనులో.

"ఏంటక్కా, రైలా?"

"రైలు ఇక్కడెక్కడిది? కుక్కరు. నాది కాదు, నేను కుండలో వండుతా. ఎవరో లైనులో ఉన్నారు. ఇందాకటి నుంచీ నీ గొంతు నీరసంగా వస్తంటేనే అనుకున్నా."

ఆ తీగ లక్షణమే అంత. ఎన్ని చెవులు ఆనితే గొంతు అంత సన్నబడుతుంది. నలభై ఏళ్ళుగా ఆ తీగ మీద మాట్లాడుతున్న డేజీకి, గొంతు పలచబడిన తీరుని బట్టి ఎందరు వింటున్నారో చెప్పడం కూడా చేతనవును. ఆమె గట్టిగా గాలి పీల్చుకుని, ఇంగ్లీషు పక్కన పెట్టింది. చర్చి మనిషి కదా, ఇంగ్లీషులో ఆమె ఎవరినీ ఏమీ అనదు. తిట్టడానికి తాతమ్మ వదిలి వెళ్ళిన తెలుగు ఉంది.

"ఓసి దొంగపీనుగా! నీ చెవులు కుళ్ళ! నీ పొయ్యిలో పిల్లి పండ! పెట్టు ఫోను!"

నాలుగు రోజుల్లో మొదటిసారి సరోజినికి ఒక్క మాట పోకుండా అర్థమైంది. డిక్షనరీ అవసరం లేకపోయింది. మేనత్త గొంతు విన్నట్టయి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భయంతో రిసీవరు పెట్టెయ్యడానికి కూడా చేతులు రాలేదు. అందుకే తర్వాతి మాటలూ వినబడ్డాయి.

"ఎవరంటావు?" అంది వాలరీ, మళ్ళీ ఇంగ్లీషులో.

"ఎవరేంటి, ఆ నికోల్! కొత్త కుక్కరు కొన్నానని చర్చిలో అందరికీ చూపించినట్టు చెప్పుకుంది."

"మీ పక్కన దిగిన ఇండియా అమ్మాయేమో?"

"పో, నువ్వొకదానివి! ఆమెకి ఇంగ్లీషు ముక్క రాదు పాపం. ఆమె ముందు మాట్లాడినా ఒకటే, ఆవు ముందు మాట్లాడినా ఒకటే."

సాయంత్రం సరోజిని ఏడుస్తూ చెప్పింది. "నన్ను ఆవు అందండీ!"

"ఆ వాక్యమంతా అర్థమైందా?" అని ఆంజనేయులు కుర్చీలోంచి లేచాడు. "మొత్తం? పోలికతో సహా?"

"అయింది."

"శభాష్!"

నికోల్ నడిమింటి కోడలు, ముప్పై ఏళ్ళు దాటనిది. తన ఫోను మోగినప్పుడే విసుక్కుంటుంది, పరాయి ఫోను వినే ఓపిక ఎక్కడిది! ఆదివారం చర్చిలో డేజీ ఆమె పక్క నుంచి లేచి మరో బల్ల మీద కూర్చుంది. నికోల్ "ఏమైంది ఆంటీ?" అని అడిగితే, "చెవులున్నవాళ్ళకి చెప్పేదేముంది?" అని మొహం తిప్పుకుంది. నికోల్ ఏడుపు మొహంతో ఇంటికి పోయింది. సరోజిని అది కిటికీలోంచి చూసి, తన మూలంగా ఆ కాపురం కూలిపోతుందని, వాళ్ళాయన విడాకులిస్తాడని, ఆ పిల్ల ఏ సముద్రంలోనో పడుతుందని నిశ్చయించుకుని, పులిహోర కలిపి పంపింది. ఎందుకు పంపిందో నికోల్‌కి అర్థం కాలేదు గానీ, తిన్నది.

ఇక నికోల్‌ని సాక్ష్యంతో పట్టుకోవాలని డేజీ ఆ రోజే ఉపాయం ఆలోచించింది. వినేవాళ్ళకి మాత్రమే తెలిసే ఒక అబద్ధం ఫోనులో చెప్పాలి. ఎవరు దాన్ని నమ్మి ఏదైనా చేస్తే వాళ్ళే దొంగ. అబద్ధమాడటం పాపం కదా అని, ఆ ఆదివారం డర్బన్ నుంచి వచ్చిన వాలరీ చర్చి మెట్ల మీద సందేహించింది. "దొంగ కోసం ఆడేది అబద్ధం కాదు, ఎర," అంది డేజీ.

సోమవారం ఎనిమిదిన్నరకి ఎర పడింది.

"ఎవరికీ చెప్పకు వాలరీ. ఊరి ట్యాంకులో కోతి పడి చచ్చింది. బుధవారం నుంచి రెండు రోజులు నీళ్ళు కట్టేస్తారంట. పైవాళ్ళు రహస్యంగా ఉంచారు."

తుండుగుడ్డ అవతల సరోజిని ఊపిరి నిజంగానే ఆగిపోయింది. బుధవారం, గురువారం! గురువారం పదింటికి హెడ్మాస్టరు ఫోను! స్నానం లేకుండా, దేవుడికి దీపం లేకుండా, అంత పెద్ద పరీక్షకి ఎలా కూర్చోవడం? ఆయనకి ఫోనులో కనబడదు సరే, దేవుడికి కనబడదా?

తొమ్మిదింటికల్లా ఆ ఇంట్లో నీళ్ళు పట్టని వస్తువు లేదు. డ్రమ్ము, బకెట్లు, స్నానాల తొట్టి, బిందెలు, ఇడ్లీ పాత్ర, ఫ్లాస్కు, టిఫిన్ క్యారియరు గిన్నెలు విడివిడిగా, ఆవకాయ అయిపోయిన జాడీ. ఆంజనేయులు మిల్లుకి తొడిగే గంబూట్లు కూడా కడిగి వరండాలో నిలబెట్టింది, పరిస్థితి మరీ విషమిస్తే పనికొస్తాయని.

సాయంత్రం ఆంజనేయులు తొట్టి నిండా నీళ్ళు చూసి సంగతి విని, మొదట నమ్మలేదు, తర్వాత నొచ్చుకున్నాడు. "ట్యాంకులో కోతి చచ్చిందని చివరింటి ముసలావిడకి తెలుసు, ఇంజనీరుని నాకు తెలీదా? నాకెవ్వరూ చెప్పలేదేం?" అని ఆ కోతి గురించి కన్నా తన హోదా గురించి ఎక్కువ బాధపడ్డాడు. కనుక్కుంటే పోయేది. కాని కనుక్కుంటే తనకు తెలియదని తెలిసిపోతుంది. అందుకని మంగళవారం మధ్యాహ్నం క్యాంటీనులో, టీ కప్పు కింద పెడుతూ, "రేపటి నుంచి నీళ్ళుండవు. నాకు నిన్ననే తెలుసు, పైవాళ్ళు చెప్పొద్దన్నారు," అన్నాడు.

క్యాంటీను రెండు నిమిషాల్లో ఖాళీ అయింది.

కోతి ఒక్కొక్క షెడ్డు దాటుతున్నకొద్దీ పెరిగింది. ఎరాల్ దగ్గరికి చేరేసరికి ఆవైంది. ట్యాంకు నింపే పంపు తాళం చెవి ఉండేది ఈ ఎరాల్ దగ్గరే. ఆ మెట్లెక్కి ట్యాంకు మూత తీసి చూసే అధికారం ఆ ఊళ్ళో అతనొక్కడికే ఉంది. అతను, "అంత పెద్ద ఇంజనీరుకి తెలియకుండా ఉంటదా?" అని, పంపు అలా వదిలేసి, ఇంటికి పరిగెత్తి డ్రమ్ములు నింపుకున్నాడు.

ఎరాల్ డ్రమ్ములు నింపుకుంటున్నాడంటే ఇక సాక్ష్యం ఏం కావాలి? చెరకు కొట్టేవాళ్ళ ఇళ్ళ వరసల్లో "మాంజీ పెలీలే!" అనే కేక ఒక చివర నుంచి మరో చివరకి పోయింది, నీళ్ళయిపోయాయి అని. దొరల క్లబ్బులో, కొత్త ప్రభుత్వం తమ నీళ్ళు తీసి ఊరందరికీ పంచబోతోందని చెప్పుకున్నారు. మిల్లు యూనియన్లో, పాత ప్రభుత్వం పోతూ పోతూ ట్యాంకులో ఏదో కలిపిందని చెప్పుకున్నారు. కిందటేడు ఓట్ల ముందు కొవ్వొత్తులు, చేపల డబ్బాలు గదుల నిండా పేర్చి, ఏమీ జరగక ఏడాది పొడుగునా ఆ చేపలే తిన్నవాళ్ళు, "ఈసారి నిజం," అని నమ్మకంగా చెప్పారు. ఊరి బడిలో హెరాల్డ్ దొర అందరికన్నా దూరం ఆలోచించాడు. బడికి ఈత కొలను ఉంది. నీళ్ళాగిపోయే లోపు దాన్ని అంచుల దాకా నింపమని ఆజ్ఞాపించాడు.

డేజీ ఆ రోజంతా నికోల్ పెరటి కంచె మీదుగా తొంగి చూస్తూనే ఉంది. నికోల్ మధ్యాహ్నం దాకా చెంబెడు కూడా పట్టలేదు. డేజీకి కొంచెం నిరాశ కలిగింది. సాయంత్రం నికోల్ బకెట్లు తెచ్చేసరికి, "దొరికింది దొంగ!" అని వాకిట్లోకి దూకింది. కాని వాకిట్లోకి వచ్చి చూస్తే వీధి వీధంతా బకెట్లతో ఉంది. ఇంతమంది దొంగలా? ఒకే తీగ మీద?

"నీళ్ళు పట్టుకో ఆంటీ! ట్యాంకులో ఆవు చచ్చింది!" అని ఎవరో అరిచారు.

"ఆవా? కోతి కదా!" అనబోయి డేజీ నోరు మూసుకుంది. ఆమె అందరినీ చూసి నవ్వుకుంటూ ఇంట్లోకి వెళ్ళి కూర్చుంది. కాసేపటికి నవ్వు ఆగింది. ఊరంతా నమ్ముతోంది. ఎరాల్ నమ్మాడు. దొరలు నమ్మారు. తను ఊరికే అన్న మాట ఎలాగో నిజమే అయిందేమో, దేవుడు తన నోట పలికించాడేమోనని అనుమానం వచ్చింది. లేచి బకెట్ తీసుకుని కుళాయి తిప్పింది.

కుళాయి ఒకసారి దగ్గి, ఊరుకుంది.

ట్యాంకు అడుగంటింది. గొట్టాల్లో గాలి చేరింది. పంపు వేడెక్కి కాలింది. బాగు చేయడానికి రెండు రోజులు పడుతుందని బుధవారం పొద్దున నోటీసు పెట్టారు. అచ్చంగా డేజీ చెప్పినన్ని రోజులు. ఆ ఊళ్ళో ఇంట్లో చుక్క నీళ్ళు లేని మనిషి, ఆ సంగతి అందరికన్నా ముందు చెప్పిన మనిషి ఒక్కతే.

బుధవారం మధ్యాహ్నం సరోజిని తలుపు తీసేసరికి ఎదురుగా డేజీ, చేతిలో బకెట్.

"నీళ్ళు ఉందా తల్లీ?"

"రండి ఆంటీ, రండి," అని సరోజిని లోపలికి తీసుకెళ్ళింది. డేజీ తొట్టి చూసింది. డ్రమ్ము, బిందెలు, జాడీ చూసింది. ఫ్లాస్కు మూత తీసి చూసింది. వరండాలో గంబూట్లు చూసింది.

"అమ్మోవ్! ఇదంతా ఎప్పుడు నింపింది నువ్వు?"

"సోమవారం, ఆంటీ."

అనేసింది. అబద్ధమాడటానికి ముందే ఆలోచించుకోవాలి; లోకంలోని ప్రమాదాలన్నీ ఆలోచించిన సరోజిని ఈ ప్రశ్న గురించి ఆలోచించలేదు.

డేజీ కళ్ళు చిన్నవయ్యాయి. ఊరికి తెలిసింది మంగళవారం మధ్యాహ్నం. సోమవారం నాడు ఆ మాట తెలిసినవాళ్ళు ఈ సృష్టిలో ముగ్గురే: తను, వాలరీ, ప్రభువు. ప్రభువు బకెట్లు నింపుకోడు.

ఆమె నోటి దాకా చాలా తెలుగు వచ్చింది. కాని "నువ్వు విన్నావు" అనాలంటే "నేను అబద్ధమాడాను" అనాలి. ట్యాంకులో కోతీ లేదు, ఆవూ లేదని తేలాక ఊళ్ళో ఆ అబద్ధం పుట్టించినవాళ్ళ కోసమే వెతుకుతున్నారు. పంపు కాలిపోయిన ఎరాల్ అయితే కర్ర కూడా పట్టుకున్నాడు. పైగా చేతిలో ఖాళీ బకెట్. వచ్చిన తెలుగంతా వచ్చిన దారినే వెనక్కి పోయింది.

"నిండా పొయ్యనా ఆంటీ?" అంది సరోజిని, చూపు ఎత్తకుండా.

"పొయ్యి."

గడప దాటాక డేజీ వెనక్కి తిరిగింది. "మీ కుక్కరు," అంది, "బాగ కూస్తది."

ఆంజనేయులు వచ్చేసరికి సరోజిని మంచం మీద కూర్చుని, ఇండియా వెళ్ళడానికి ఏ పెట్టెలో ఏం సర్దాలో ఆలోచిస్తోంది. "తెలిసిపోయిందండీ. రేపు హెడ్మాస్టరు ఫోన్ చేసినప్పుడు ఆవిడ లైనులోకి వచ్చి అంతా చెప్పేస్తుంది. దొంగ తల్లికి పుట్టిన పిల్లని మూడో తరగతిలో కూడా చేర్చుకోరు."

ఆంజనేయులు మొహం కూడా బాగా లేదు. పైవాళ్ళు చెప్పారన్నావట, ఎవరా పైవాళ్ళు అని మేనేజరు అప్పటికి రెండుసార్లు పిలిచి అడిగాడు. "ఏదేమైనా నా పేరు చెప్పకు," అన్నాడు.

"మరి ఎవరి పేరు చెప్పను?"

"ఎవరి పేరూ వద్దు. ఇంగ్లీషు బాగా మాట్లాడు, చాలు."

గురువారం పదింటికి ఫోను మోగింది. రెండు పొడుగు, ఒకటి పొట్టి. సరోజిని తుండుగుడ్డ లేని రిసీవరు పట్టుకోవడం అదే మొదలు. తేజశ్రీ పక్కన నిలబడి తల్లి కొంగు చుట్ట చుడుతోంది.

హెరాల్డ్ దొర గొంతు మొదట గంటలా ఖంగుమంది. తర్వాత చటుక్కున ఒక మెట్టు దిగింది. మరొక మెట్టు దిగింది. ఇంకొకటి. ఎన్ని ఇళ్ళలో రిసీవర్లు లేచాయో సరోజినికి తెలిసిపోయింది. ఆ విద్య ఆమెకూ పట్టుబడింది. పరీక్ష ఆమెకైనా, హాజరు వీధి మొత్తానిది.

"బడిలో మీ అమ్మాయికి జ్వరం వచ్చిందనుకోండి, నేను ఫోన్ చేశాను. మీరేమంటారు?" అని దొర చీమ గొంతుతో అడిగాడు.

"అయ్యో పాపం సార్! తలకి తడిగుడ్డ వెయ్యండి, నేను ఇప్పుడిప్పుడే వచ్చేస్తున్నా," అంది సరోజిని. ఆ ఇంగ్లీషులోని ప్రతి మాటా, ప్రతి విరుపూ డేజీవి. లండన్ మనిషి అక్కడ ఒక్క ముక్క కూడా లేడు. తీగ మీద ఎక్కడో ఎవరో కిసుక్కున నవ్వి నోరు నొక్కుకున్నారు.

"భేష్. బడి సగంలో మూసేస్తే?"

"ఎందుకు మూస్తున్నారు సార్? పిల్లని గేటు దగ్గర ఒంటరిగా నిలబెట్టకండి. లారీలు తిరుగుతాయి, పాములుంటాయి, ఎండ దెబ్బ తగులుతుంది..."

"చాలు, చాలు," అన్నాడు దొర తొందరగా. కాయితం మీద కలం కదిలిన చప్పుడు వినబడింది. తేజశ్రీ తల్లి మొహంలోకి చూసి కొంగు వదిలింది. అంతా అయిపోయినట్టే. సరోజిని వారం రోజుల ఊపిరి ఒక్కసారి వదిలింది.

"చివరగా, మామూలు కబురే," అన్నాడు దొర. ఈసారి ఆయన గొంతులో చిరాకు ఉంది. "మా ఈత కొలను వల్లే ట్యాంకు ఖాళీ అయిందని మీ మిల్లు మేనేజరు నన్ను నిందిస్తున్నాడు. ఈ పుకారు మొదట చెప్పింది మీ భర్త అట. మీ భర్తకి చెప్పింది మీరట. మీకు ఎవరు చెప్పారు?"

మేనేజరు రెండోసారి పిలిచినప్పుడు ఆంజనేయులు ఎవరి పేరు చెప్పాడో సరోజినికి అప్పుడు తెలిసింది.

ప్రశ్న అంతా అర్థమైంది. ఇంగ్లీషులో అంత స్పష్టంగా ఆమెకు ఇంతవరకు ఏదీ అర్థం కాలేదు. జవాబు చెబితే తను దొంగ. చెప్పకపోతే ఇంగ్లీషు రానిది. మొదటిదైతే పర్మిట్టు, రెండోదైతే మోకాళ్ళు పట్టని బల్ల.

"ప్రశ్న అర్థమైందా అండీ?"

తీగ మీద నికోల్ ఇంట్లో గోడ గడియారం టిక్కుమంటోంది. ఎవరిదో టీ కప్పు సాసరు మీద వణికింది.

"అర్థం కాలేదని రాసుకోనా?" అని దొర కలం తీశాడు.

తేజశ్రీ కొంగు మళ్ళీ పట్టుకుంది. సరోజిని కళ్ళు మూసుకుంది. గడియారం కొట్టుకుంటూనే ఉంది. ఎవరూ ఫోను పెట్టలేదు. ఊపిరి తీస్తే వినబడుతుందని వీధి వీధంతా బిగబట్టి కూర్చుంది.

అంతలో ఒక గొంతు గరగరా సవరించుకుంది.

"అర్థమైంది సార్. ఆమెకి అంతా అర్థమవుతుంది, అదే మా అవస్థ. నీళ్ళ సంగతి ఆమెకి చెప్పింది నేను, చివరింటి డేజీని. పిల్లని దాని తరగతిలో కూర్చోబెట్టు, నా టీ చల్లారిపోతంది."

ఆ ఏడాది ఇంగ్లీషు వినికిడి పరీక్షలో ఆ లైను మొత్తం పాసయింది. అయిదో తరగతిలో సీటు మాత్రం తేజశ్రీ ఒక్కదానికే ఇచ్చారు.